డిక్కీలో ఊఫర్‌కు ముందు డోర్ చూడండి: కారులో బాస్ ఎందుకు రాదు, ఎలా తెప్పించుకోవాలి

కార్వేటినగరం లాంటి ఊళ్లో కొత్తగా కారు తీసుకున్న కుర్రాడు మొదట వేయించేది సీటు కవర్లు. ఆ తర్వాత మనసు సౌండ్ సిస్టమ్ మీదికి పోతుంది. ఊళ్లో దొరకని సామాను కోసం పుత్తూరుకో, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న తిరుపతికో పోతారు. "అన్నా, బాస్ దండిగా కొట్టాల" అని షాపులో చెప్తారు. షాపాయన డిక్కీలో 12 అంగుళాల ఊఫర్ డబ్బా పెట్టి, వెనక సీటు కింద ఒక యాంప్ బిగించి పంపిస్తాడు. షాపు ముందు నిలబెట్టి విన్నప్పుడు అద్దాలు అదురుతాయి. బండి రోడ్డెక్కి 70 కిలోమీటర్ల స్పీడు అందుకునేసరికి ఆ బాస్ ఎక్కడికో పోతుంది. మిగిలేది ఒకటే, డిక్కీ రేకు గిలగిలలాడే చప్పుడు.

ట్యాక్సీ తిప్పుకుని, ఈఎంఐ కట్టుకుంటూ, నెలనెలా కొంచెం కొంచెం దాచిన డబ్బు ఇలా పోతే బాధగానే ఉంటుంది. మళ్లీ షాపుకు పోతే "ఇంకా పెద్ద యాంప్ వేద్దాం తమ్ముడూ" అనే సలహా వస్తుంది. చాలాసార్లు తప్పు యాంప్‌లోనూ ఉండదు, ఊఫర్‌లోనూ ఉండదు. స్పీకర్ బిగించిన చోటులో, వైర్లు కలిపిన తీరులో, సెట్టింగుల్లో ఉంటుంది. వీటిని సరి చేయడానికి అయ్యే ఖర్చు కొత్త ఊఫర్ ఖర్చు కంటే తక్కువ. కొన్నింటికి పైసా కూడా అక్కర్లేదు. అందుకే కొనే సామాను కంటే ముందు, ఉన్న సామాను ఎందుకు పని చేయడం లేదో తెలుసుకోవాలి.

బాస్ అంటే ఏమిటి?

మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుందని లెక్క. ఇందులో సుమారు 250 హెర్ట్జ్ కింద ఉన్నదంతా బాస్. 60 హెర్ట్జ్ కింద ఉండేది చెవికంటే ఛాతీకి ఎక్కువ తెలిసే శబ్దం, దాన్నే సబ్ బాస్ అంటారు. 60 నుంచి 250 మధ్య ఉండేది మిడ్ బాస్. డ్రమ్ మీద దెబ్బ పడినప్పుడు వచ్చే గట్టి "ధబ్", బాస్ గిటార్ తీగల పలుకు ఎక్కువగా ఇక్కడే ఉంటాయి. బాస్ లేదు అని జనం చెప్పే ఫిర్యాదుల్లో సగానికి సగం అసలు మిడ్ బాస్ లేకపోవడమే. అది రావాల్సింది డిక్కీలోని ఊఫర్ నుంచి కాదు, ముందు డోర్లలోని స్పీకర్ల నుంచి.

సంగీతం తెలిసినవాళ్లకు ఈ విషయం కొత్త కాదు. వేణుగోపాలుడి మీద పదాలు రాసిన సారంగపాణి ఊరిది. ఇక్కడ మృదంగం గురించి వేరే చెప్పక్కర్లేదు. మృదంగానికి ఎడమ వైపున, అంటే తొప్పి మీద, వాయించేముందు తడిపిన రవ్వ ముద్ద అతికిస్తారు. చర్మానికి బరువు పెరిగితే శ్రుతి కిందికి దిగుతుంది, గుమ్మని పలుకుతుంది. ఖవ్వాలీలో ఢోలక్ ఎడమ చర్మానికి లోపల పూసే మసాలా, తబలా డగ్గా మీద ఉండే నల్లటి సియాహీ చేసేదీ ఇదే పని. సబ్‌ఊఫర్ కోన్‌ను బరువుగా, వెడల్పుగా చేయడం వెనక ఉన్నదీ ఆ సూత్రమే. ఢోలక్‌కు మసాలా ఎంత ముఖ్యమో చెక్క డొల్ల కూడా అంతే ముఖ్యం. డొల్ల పగిలితే ఎంత మంచి చర్మమైనా పలకదు. కారు స్పీకర్‌కు డొల్ల లాంటిది డోర్. ఆ డోర్ నిండా బొక్కలే.

ముందు ఒకటి, వెనక ఒకటి

స్పీకర్ కోన్ ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలిని నెడుతుంది. అదే క్షణంలో వెనకున్న గాలిని లాగుతుంది. ముందు వైపు ఒత్తిడి పెరిగితే వెనక వైపు తగ్గుతుంది. ఈ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. హెచ్చు శబ్దాలకు ఈ బెడద పెద్దగా ఉండదు, ఎందుకంటే వాటి తరంగం పొట్టిది, కోన్ అంచు దాటి వెనక్కి తిరగదు. బాస్ సంగతి వేరు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. దాన్ని 50 హెర్ట్జ్‌తో భాగిస్తే ఒక్క తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు, అంటే కారు కంటే పొడవు. అంత పొడవు తరంగానికి డోర్ రేకులో ఉన్న చిన్న సందు కూడా పెద్ద గేటే. వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చి ముందుదాన్ని కొట్టేస్తుంది.

మామూలు కారు డోర్ ప్యాడ్ విప్పి చూస్తే లోపలి రేకుకు చేయి పట్టేంత పెద్ద రంధ్రాలు కనిపిస్తాయి. పవర్ విండో మోటార్, లాక్ రాడ్లు బిగించడానికి కంపెనీ వదిలిన రంధ్రాలవి. వాటి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం ఒకటి అతికించి ఉంటుంది. అది నీళ్లు ఆపుతుంది, శబ్దాన్ని ఆపదు. పాత బండి అయితే ఆ కాగితం కూడా చిరిగిపోయి వేలాడుతూ ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారులో బాస్ పల్చగా ఉందంటే మొదట అనుమానించాల్సింది దాన్నే.

చేయాల్సిన పని కష్టమైనది కాదు, ఓపికతో చేయాల్సినది. డోర్ ప్యాడ్ తీసి, బయటి రేకు లోపలి వైపు దుమ్ము, నూనె తుడిచి, స్పీకర్ వెనక భాగంలో డ్యాంపింగ్ షీట్ అతికించాలి. రేకంతా కప్పాల్సిన అవసరం లేదు. వేలితో తట్టినప్పుడు "టంగ్" మనేది "డబ్" అంటే చాలు. తర్వాత లోపలి రేకు రంధ్రాలను మూయాలి. పెద్ద రంధ్రాలకు ఉత్త షీట్ అంటిస్తే బాస్‌కు అది కూడా డోలు చర్మంలా ఊగుతుంది. అందుకే పల్చటి అల్యూమినియం రేకో, గట్టి ప్లాస్టిక్ ముక్కో కత్తిరించి అడ్డుపెట్టి, పైన షీట్ వేయాలి. తర్వాత మెకానిక్ విప్పుకోవడానికి వీలుండేలా మూయాలి, లేకపోతే విండో మోటార్ చెడిన రోజున తిట్లు తప్పవు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు. ఒకటి, ఇంటి పైకప్పు లీకులకు వాడే తారు షీట్ చవకగా దొరుకుతుందని అంటించొద్దు. రాయలసీమ ఎండలో నిలబెట్టిన కారు డోర్ రేకు ముట్టుకోలేనంతగా కాలుతుంది. తారు మెత్తబడి జారుతుంది, కారంతా వాసన కొడుతుంది. బ్యూటైల్ రబ్బరు షీటే అడగాలి. రెండు, డోర్ అడుగు భాగంలో వాన నీరు కారిపోవడానికి చిన్న సందులు ఉంటాయి. వాటిని మూస్తే నీళ్లు నిలిచి డోర్ తుప్పు పడుతుంది. మూడు, సైడ్ ఎయిర్‌బ్యాగులున్న కొన్ని కార్లలో డోర్ లోపల గాలి ఒత్తిడిని కనిపెట్టే సెన్సర్ ఉంటుంది. గుద్దుకున్నప్పుడు డోర్ లోపలి ఒత్తిడి చూసి ఎయిర్‌బ్యాగ్ తెరవమని చెప్పేది అదే. అలాంటి కారులో సర్వీస్ సెంటర్‌ను అడగకుండా డోర్ లోపల ఏమీ మార్చకూడదు. పాట కోసం ప్రాణం పణంగా పెట్టలేం కదా.

స్పీకర్‌కూ రేకుకూ మధ్య ఒక రింగ్ ఉండాలి. కంపెనీవి పల్చటి ప్లాస్టిక్‌వి. వాటి బదులు గట్టి ప్లాస్టిక్ రింగో, తడి తగలకుండా పెయింట్ వేసిన ఎండీఎఫ్ రింగో పెట్టి, అంచు చుట్టూ ఫోమ్ టేప్ అతికిస్తే కోన్ ముందు గాలి, వెనక గాలి పూర్తిగా వేరవుతాయి. ఈ పని అయ్యాక పాత స్పీకర్లే కొత్తవిలా వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. రోడ్డు మీద బాస్ మాయమయ్యే జబ్బుకు కూడా మందు ఇందులోనే కొంత ఉంది. టైర్ల మోత ఎక్కువగా బాస్ ఉండే స్థాయిలోనే ఉంటుంది, దాని కింద పాట బాస్ మునిగిపోతుంది. డోర్ బరువెక్కితే బయటి మోత కొంత తగ్గుతుంది.

పైసా ఖర్చు లేని పరీక్ష

వైర్లు తిరగేసి కలపడం షాపుల్లో తరచూ జరిగే పొరపాటు. ఎడమ స్పీకర్ ముందుకు వచ్చే క్షణంలో కుడిది వెనక్కి పోతే, రెండు డోర్ల నుంచి వచ్చే బాస్ కారు మధ్యలో కలిసి చచ్చిపోతుంది. కోనేట్లో ఒక అల ఎత్తు, ఇంకో అల పల్లం ఒకే చోట కలిస్తే నీళ్లు సమంగా నిలిచినట్టు. పాట వినిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది, బాస్ మాత్రం ఉండదు. దీన్ని కనిపెట్టడానికి స్టీరియోలో బ్యాలెన్స్ నాబ్ చాలు. బాస్ బాగా ఉన్న పాట పెట్టి, బ్యాలెన్స్ మధ్యలో ఉంచి వినాలి. తర్వాత మొత్తం ఒక పక్కకు తిప్పాలి. ఒకే పక్క స్పీకర్లు మోగుతున్నప్పుడు బాస్ పెరిగితే, ఒక వైపు వైర్లు తిరగబడ్డాయని అర్థం. ఏదో ఒక స్పీకర్ ప్లస్, మైనస్ మార్చి కలిపితే సరి.

ఏ వైపుది తిరగబడిందో తేలాలంటే స్పీకర్ వైర్లను స్టీరియో నుంచి విప్పి, ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకించాలి. సెల్ ప్లస్‌ను స్పీకర్ ప్లస్ వైర్‌కు, మైనస్‌ను మైనస్‌కు తాకిస్తే కోన్ బయటికి రావాలి. లోపలికి పోతే తిరగబడినట్టే. వెనక స్పీకర్లకూ ఇదే పరీక్ష. సబ్‌ఊఫర్ ఉన్నవాళ్లు యాంప్ మీద 0, 180 అని ఉండే ఫేజ్ స్విచ్ మార్చి చూడాలి. డిక్కీ దగ్గర నిలబడి కాదు, డ్రైవర్ సీట్లో కూర్చుని, డోర్లు మూసి, ఇంకొకరితో స్విచ్ మార్పించి వినాలి. ఎటు పెడితే ముందు నుంచి బాస్ బలంగా వస్తున్నట్టు అనిపిస్తుందో అదే సరైనది.

వాట్ల లెక్క

స్టీరియో అట్ట డబ్బా మీద "50 వాట్స్ x 4" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. లెక్క వేస్తే అసలు సంగతి తేలుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. స్టీరియో లోపలి యాంప్ ఆ వోల్టేజీని మించి స్పీకర్‌కు ఇవ్వలేదు. 4 ఓమ్‌ల స్పీకర్ మీద 14.4ను 14.4తో గుణించి 8తో భాగిస్తే దాదాపు 26 వాట్లు. నష్టాలు పోను చేతికొచ్చేది 20 వాట్ల దరిదాపు. డబ్బా మీద రాసింది క్షణకాలం వచ్చే గరిష్ఠం. కొనేటప్పుడు చూడాల్సింది ఆర్‌ఎంఎస్ అనే అంకె. యాంప్‌కూ అంతే, ఊఫర్‌కూ అంతే. "3000 వాట్స్" అని రాసి ఉన్న చవక ఊఫర్ ఆర్‌ఎంఎస్ ఎంతో ఎక్కడా రాయలేదంటే, ఎందుకు రాయలేదో అడగాలి.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోవాలి. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి అది కొంచెం తేడా. రెట్టింపు మోతగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే వాట్లు పది రెట్లు కావాలి. 200 వాట్ల యాంప్ తీసి 400 వాట్లది పెట్టినా పెద్ద మార్పు కనిపించకపోవడానికి కారణం ఇదే. స్టీరియోలో బాస్‌ను 6 డెసిబెల్స్ పెంచితే యాంప్ మీద నాలుగు రెట్ల భారం పడేదీ ఈ లెక్క వల్లే. బాస్ బూస్ట్ నాబ్ జీరోలో ఉంచడమే మంచిది.

డోర్ స్పీకర్‌తో ఎంత దూరం పోగలం అనే ప్రశ్నకూ లెక్క ఉంది. అదే మోతతో సగం ఫ్రీక్వెన్సీకి దిగాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటర్ కదిలే కోన్ 40 దగ్గర నాలుగు మిల్లీమీటర్లు కదలాలి. ఆరున్నర అంగుళాల స్పీకర్‌కు అది కష్టం. అందుకే కింది భాగం సబ్‌ఊఫర్‌కు వదిలేసి, డోర్ స్పీకర్లకు హై పాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాలి. సబ్‌ఊఫర్‌కు లో పాస్ కూడా 80 దగ్గరే. ఈ రెండు సెట్టింగులు ఇప్పుడు మామూలు స్టీరియోల్లో కూడా ఉంటున్నాయి, చాలామంది వాటిని తెరిచి చూడరు. ఫిల్టర్ పెట్టగానే డోర్ స్పీకర్లకు భారం తగ్గుతుంది, వాల్యూమ్ పెంచినా గొంతు పగలదు. సబ్‌ఊఫర్ లో పాస్ 120 పైకి పోతే ఇంకో చిక్కు వస్తుంది. తక్కువ శబ్దం ఎటు నుంచి వస్తుందో చెవి కనిపెట్టలేదు, కొంచెం పైకి పోతే కనిపెడుతుంది. అప్పుడు గాయకుడు డిక్కీలో కూర్చుని పాడుతున్నట్టు ఉంటుంది.

డబ్బా ఏది?

సబ్‌ఊఫర్ కొనాలనే నిర్ణయానికి వస్తే, ఊఫర్ కంటే దాని డబ్బా మీద ఎక్కువ ఆలోచించాలి. మూసిన డబ్బా మొదటి రకం. లోపలి గాలే స్ప్రింగులా కోన్‌ను పట్టుకుంటుంది. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ ఈ పద్ధతితో చిన్న డబ్బాలోనే లోతైన బాస్ తెప్పించాడు. రెండోది గొట్టం ఉన్న డబ్బా, పోర్టెడ్ అంటారు. ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర గొట్టంలోని గాలి కూడా మోగి అదే వాట్లకు ఎక్కువ మోత ఇస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీ కిందికి పోతే మాత్రం కోన్‌కు పట్టు ఉండదు, విపరీతంగా ఊగి చెడుతుంది. అందుకే దానికి సబ్‌సోనిక్ ఫిల్టర్ తప్పనిసరి. ఏ ఊఫర్‌కు ఎన్ని లీటర్ల డబ్బా, ఎంత పొడవు గొట్టం అనేది ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోనూ, ఆ తర్వాత రిచర్డ్ స్మాల్ లెక్కలు కట్టి చూపించారు. మంచి కంపెనీ ఊఫర్‌తో వచ్చే కాగితం మీద "థీల్ స్మాల్" అంకెలు ఉండేది అందుకే. ఆ కాగితం లేకుండా షాపులో రెడీగా ఉన్న డబ్బాలో ఊఫర్ దించితే, అన్ని పాటలకూ ఒకటే "బూమ్" వస్తుంది.

చిన్న కారుకు, పాట ఏదైనా శుభ్రంగా వినాలనుకునేవాళ్లకు మూసిన డబ్బానే సరైనది. ఇందుకు కారణం కారే. ఇంటి హాల్లో కంటే కారులో లోతైన బాస్ దానంతట అదే పెరుగుతుంది. తరంగంలో సగం పొడవు కారు లోపలి పొడవు కంటే ఎక్కువైనప్పుడు శబ్దం అలలా పోవడం మానేసి, సైకిల్ పంపులో గాలిలా మొత్తం క్యాబిన్‌ను ఒత్తుతుంది. రెండున్నర మీటర్ల క్యాబిన్‌కు ఇది సుమారు 70 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. మూసిన డబ్బాలో కిందికి పోయేకొద్దీ తగ్గే బాస్, క్యాబిన్ పెంచే బాస్ కలిసి దాదాపు సమం అవుతాయి. ఈ క్యాబిన్ తీరును బట్టే సిస్టమ్ చేయాలన్న ఆలోచనను పెద్ద కంపెనీలు పట్టుకున్నది 1980లలో. బెంగాలీ స్వాతంత్ర్య సమరయోధుడి కొడుకు అమర్ బోస్ స్థాపించిన బోస్ కంపెనీ, 1983 మోడల్ కాడిలాక్ కోసం ఆ కారు లోపలి ఆకారానికే తగిన సిస్టమ్ తయారు చేసింది.

10 అంగుళాల ఊఫర్‌కు మూసిన డబ్బా మామూలుగా 18 నుంచి 28 లీటర్ల మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె కాగితంలో చూడాలి. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో ఊళ్లో మంచి కార్పెంటర్ ఎవరైనా చేయగలరు. టేకు అక్కర్లేదు, మూలల్లో గాలి పోకుండా జిగురు నిండుగా ఉండాలి, అంతే. సీఎన్‌జీ సిలిండర్ ఉన్న ట్యాక్సీలో డిక్కీలో చోటు ఉండదు. వాళ్లకు సీటు కింద పట్టే 8 అంగుళాల యాక్టివ్ సబ్‌ఊఫర్ నయం. అది గుండెలు అదిరించదు, కానీ డోర్లు సరిగా మూసి ఉంటే పాటలో లోటు అనిపించదు. డబ్బా ఏదైనా బెల్టుతోనో క్లాంపుతోనో గట్టిగా బిగించాలి. సడన్ బ్రేక్ వేస్తే పాతిక కిలోల డబ్బా సీటు మీదికి వస్తుంది.

నిప్పు, ఎండ, వైరు

యాంప్‌కు పవర్ వైరు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి. స్టీరియో వైర్ల నుంచి లాక్కోవడం ప్రమాదం. 300 వాట్ల ఆర్‌ఎంఎస్ ఇచ్చే క్లాస్ డి యాంప్ గట్టిగా పని చేసేటప్పుడు దాదాపు 28 ఆంపియర్లు లాగుతుంది. దీనికి 8 గేజ్, అంటే సుమారు 8.4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కావాలి. మార్కెట్లో లావుగా కనిపించే చవక కిట్లలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత ఉన్న తీగలే. అదే పనికి అవి ఒకటి రెండు సైజులు లావుగా ఉండాలి. వైరు కొస గీకి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తే సంగతి తెలిసిపోతుంది.

ఫ్యూజ్ బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. యాంప్ మీద ఉన్న ఫ్యూజ్ యాంప్‌ను కాపాడుతుంది, వైరును కాదు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా పోయే వైరు ఇంజన్ రేకుకు ఒరుసుకుని తెగిందంటే, ముందు ఫ్యూజ్ లేకపోతే కారు కాలిపోవచ్చు. రేకు గుండా పోయేచోట రబ్బరు గ్రొమ్మెట్ ఉండాలి. ఎర్త్ వైరు పొట్టిగా, పెయింట్ గీకిన బాడీ రేకుకు బిగించాలి, సీటు బోల్టుకు కాదు. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుల్స్ జోలికి ఎవరూ పోకూడదు, అందులో ఉండేది ప్రాణం తీసే వోల్టేజీ. కొత్త కారైతే కంపెనీ వైర్లు కత్తిరించకుండా కప్లర్‌తో కలపమని షాపులో ముందే చెప్పాలి, వారంటీ గొడవ ఉండదు.

యాంప్‌ను కార్పెట్ కింద పెట్టి మూసేస్తే చిత్తూరు వేసవిలో అరగంటకే ప్రొటెక్షన్‌లోకి పోయి ఆగిపోతుంది. చుట్టూ నాలుగు వేళ్ల సందు ఉంటే చాలు.

గెయిన్ వాల్యూమ్ కాదు

ఊఫర్లు కాలిపోయేది ఎక్కువగా ఈ ఒక్క నాబ్ వల్లే. యాంప్ మీద గెయిన్ అనేది స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కు యాంప్‌ను సరిపెట్టడానికి ఉంది. దాన్ని చివరిదాకా తిప్పితే యాంప్ తన శక్తికి మించి ఇవ్వడానికి చూసి, అల పైభాగం నరికేసినట్టు చదునుగా చేస్తుంది. చెవికి అది "ఫర్ ఫర్" మనే బాస్. ఊఫర్ లోపల కాయిల్ వేడెక్కి మాడిపోతుంది.

సరైన పద్ధతికి ఒక మల్టీమీటర్ చాలు. ఎలక్ట్రీషియన్ దగ్గర దొరుకుతుంది. ఊఫర్ వైర్లు విప్పి, ఈక్వలైజర్ జీరో చేసి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక దగ్గర పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ వేయాలి. యాంప్ అవుట్‌పుట్ దగ్గర ఏసీ వోల్టులు కొలుస్తూ గెయిన్ మెల్లగా పెంచాలి. ఎక్కడ ఆపాలంటే, వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయాలి. 300 వాట్లు, 4 ఓమ్‌లు అయితే దాదాపు 34.6 వోల్టులు. 50 వాట్ల డోర్ యాంప్ అయితే సుమారు 14 వోల్టులు. అక్కడ ఆపి, మార్కర్‌తో గీత గీసి, ఇంక ముట్టుకోకూడదు. ఊఫర్‌లో రెండు కాయిల్స్ ఉంటే కలిపే తీరును బట్టి ఓమ్‌లు మారతాయి. నాలుగేసి ఓమ్‌ల కాయిల్స్ సిరీస్‌లో 8, ప్యారలల్‌లో 2 అవుతాయి. యాంప్ 2 ఓమ్‌లకు ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకోవాలి.

ఇవన్నీ అయ్యాకే ఈక్వలైజర్. లేనిదాన్ని పెంచడం కంటే ఎక్కువైనదాన్ని తగ్గించడం మంచిది. ప్రతి పాటలో ఒకే "బూమ్" వస్తుంటే 40 నుంచి 60 హెర్ట్జ్ మధ్య మూడు నాలుగు డెసిబెల్స్ దించి చూడాలి. పరీక్షకు పాట ఎంచుకోవడంలో కూడా తెలివి ఉండాలి. డీజే రీమిక్స్‌లో బాస్ ఎలా ఉన్నా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఇళయరాజా పాత పాటల్లో బాస్ గిటార్ వింటే ఒక్కో స్వరం విడివిడిగా, ఒకే బలంతో రావాలి. నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీలో తబలా డగ్గా పలుకు గుమ్మని లేచి వెంటనే ఆగాలి. తోకలా సాగితే డబ్బాలోనో, క్రాసోవర్‌లోనో లోపం ఉంది. వాట్సాప్‌లో వచ్చిన పాట మాత్రం పెట్టొద్దు, నాణ్యత ముందే పోయి ఉంటుంది.

గిలగిల చప్పుడు పట్టుకోవడానికి ఫోన్‌లో 30 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్ వేసి, ఒకరు లోపల, ఒకరు బయట చేత్తో నొక్కుతూ వెతకాలి. దొంగ ఎక్కువగా వెనక నంబర్ ప్లేటే. ఫోమ్ టేప్ ముక్కతో నోరు మూతపడుతుంది.

చెవి, వీధి

వాల్యూమ్ తక్కువ ఉన్నప్పుడు బాస్ కనిపించకపోవడం సిస్టమ్ లోపం కాదు. తక్కువ మోతలో మనిషి చెవి బాస్‌ను సరిగా పట్టుకోదని 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. స్టీరియోలోని లౌడ్‌నెస్ బటన్ ఉన్నది దీనికే. వాల్యూమ్ పెంచే బదులు అది నొక్కితే సరిపోతుంది. 85 డెసిబెల్స్ మోతకు రోజుకు 8 గంటలు హద్దు అని, ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుందని అమెరికా కార్మిక ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ లెక్క. ఆ ప్రకారం 100 డెసిబెల్స్‌లో పావుగంటే. రోజంతా స్టీరింగ్ పట్టుకునే డ్రైవర్‌కు చెవులే జీవనాధారం, వెనక నుంచి వచ్చే అంబులెన్స్ సైరన్ వినాల్సింది వాటితోనే. దిగాక చెవుల్లో గుయ్ మంటే ఆ రోజు హద్దు దాటినట్టే.

బాస్‌కు ఇంకో గుణం ఉంది. గొంతు, తాళం గోడ దగ్గర ఆగిపోతాయి, పొడవు తరంగం గోడ దాటి పక్కింట్లో పడుకున్న పసిబిడ్డ దాకా పోతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే ప్రాంతాల్లో హద్దు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు, అక్కడ హద్దు ఇంకా తక్కువ. చాలా యాంప్‌లతో డాష్‌బోర్డు కింద బిగించుకునే చిన్న బాస్ నాబ్ ఒకటి వైరుతో సహా వస్తుంది. షాపుల్లో అది డబ్బాలోనే ఉండిపోతుంది. అడిగి బిగించుకుంటే, వీధి మలుపు తిరిగేటప్పుడు పాట ఆపకుండా బాస్ ఒక్కటే జీరోకు తిప్పుకోవచ్చు.